వెల్లకిలా వద్దమ్మా!

వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో ఎక్కడ ఎండ ఎక్కువ కాసిందో అని పేపర్లో వెతికేవాళ్లకు తరచూ కనిపించే పేరు రెంటచింతల. అటు మాచర్ల, ఇటు గురజాల... మధ్యలో ఆ ఊరు. ఎండ ముదిరే ఆ నెలల్లోనే పల్నాట మిరప కోతలు, కల్లాల్లో తాలుకాయల ఏరివేత. కూలికి వెళ్లిన ఆడవాళ్లు పొద్దున గోనెపట్టా మీద కూర్చుంటే మళ్లీ లేచేది అన్నాలవేళకే. వాళ్లలో ఏడో నెల, ఎనిమిదో నెల గర్భిణులూ ఉంటారు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుంటే చెప్పు పట్టీ ఉన్నచోట గీత పడి ఉంటుంది. వేలితో నొక్కితే సొట్ట.

‘‘ఏందే అమ్మాయ్, కాళ్లు ఇట్టా పొంగినయ్?’’ అంటుంది తల్లి. ‘‘కడుపుతో ఉన్నోళ్లకి నీరు పట్టటం మామూలేలే అక్కా’’ అంటుంది పక్కింటావిడ. ‘‘ముందు ఉప్పు మానిపించండి’’ అని ఇంకొకావిడ సలహా.

పక్కింటావిడ మాట చాలావరకు నిజం. ఉప్పు మానేయమన్న సలహా మాత్రం తప్పు. గర్భంతో వచ్చే మామూలు వాపుకు ఉప్పు మానేసినందువల్ల ప్రయోజనం లేదు. నోటికి రుచి పోయి తిండి తగ్గడం ఒక్కటే మిగులుతుంది. ఇక తల్లి అడిగిన ప్రశ్న ఉందే... దానికి జవాబు చెప్పాలంటే కాళ్ల దగ్గర మొదలుపెట్టి గుండె దాకా వెళ్లాలి.

రక్తం పెరుగుతుంది, పల్చబడుతుంది

గర్భం ధరించాక ఒంట్లో రక్తం పెరుగుతుంది. ఎంతో కాదు కదా అనుకుంటే పొరపాటు. ఎనిమిదో నెల వచ్చేసరికి 40 నుంచి 50 శాతం దాకా ఎక్కువవుతుంది. అంటే లీటరు పైన, ఒక్కోసారి లీటరున్నర. అందులో నీటి భాగం ఎక్కువగా, ఎర్ర కణాలు దానికంటే తక్కువగా పెరుగుతాయి. అందుకే నిండు నెలల్లో హిమోగ్లోబిన్ కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. చివరి మూడు నెలల్లో 11 గ్రాములకు తగ్గితే మాత్రం అది ‘పల్చబడటం’ కాదు, రక్తహీనతే. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రోజూ ఒకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోమని ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మరీ చెప్పేది ఇందుకే. ఆ మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. మాత్రను పారేసే ముందు ఆ సంగతైనా గుర్తుకు రావాలి!

పెరిగిన ఈ రక్తాన్నంతా తిప్పాలంటే గుండె కూడా ఎక్కువ పనిచేయాలి. నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. గుండె నుంచి బయటికొచ్చే రక్తం 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఎందుకింత హడావుడి? గర్భసంచి కోసం. గర్భం లేనప్పుడు గర్భసంచికి నిమిషానికి ఏ 50 మిల్లీలీటర్లో చాలు. నెలలు నిండాక అర లీటరు పైనే వెళ్లాలి. మాయ ద్వారా బిడ్డకు తిండీ, గాలీ అందేది ఆ రక్తంతోనే.

గమ్మత్తేమిటంటే, రక్తం ఇంత పెరిగినా బీపీ పెరగదు. పైగా నడిమి నెలల్లో కాస్త తగ్గుతుంది కూడా. గర్భం తాలూకు హార్మోన్లు రక్తనాళాలను వదులు చేస్తాయి. కాలువ వెడల్పయితే ఎక్కువ నీళ్లొచ్చినా మట్టం పెరగదు కదా... అలాగన్నమాట. ఆరో నెల దాటాక బీపీ మెల్లగా మళ్లీ మొదటి స్థాయికి వస్తుంది. 140/90కి చేరిందంటే అది మామూలు కాదు.

కాలువకు అడ్డం పడితే...

ఇదంతా గుండె నుంచి వెళ్లే రక్తం సంగతి. వెళ్లింది తిరిగి రావాలి. అసలు చిక్కు అక్కడుంది.

రెండు కాళ్ల నుంచి, నడుము కింది భాగం నుంచి చెడు రక్తాన్ని గుండెకు చేర్చేది ఒకే ఒక్క పెద్ద సిర. దిగువ మహాసిర అంటారు. వెన్నెముకకు కాస్త కుడిపక్కగా, దాన్ని ఆనుకుని పైకి పోతుంది. ధమని గోడ మందం, సిర గోడ పల్చన. ధమని నొక్కుకుపోవడానికి బాగా బరువు పడాలి, సిరకు అంత అక్కర్లేదు. ఇప్పుడు దాని మీద నిండు గర్భసంచిని ఊహించుకోండి. బిడ్డ, మాయ, ఉమ్మనీరు... అన్నీ కలిపి అయిదారు కిలోలు. గర్భిణి వెల్లకిలా పడుకున్నప్పుడు ఆ బరువంతా వెన్నెముక మీద వాలుతుంది. మధ్యలో ఇరుక్కునేది ఈ సిరే.

సాగర్ కుడి కాలువలో ఎక్కడో చెట్టు విరిగి అడ్డం పడిందనుకుందాం. అడ్డానికి ఎగువన నీళ్లు ఎగదన్నుతాయి. దిగువన చేలకు నీరందదు. ఎగువన నిండిన నీళ్లు ఊరుకోకుండా దొరికిన ప్రతి పిల్లకాలువలోకీ పొర్లుతాయి. ఒంట్లో జరిగేదీ ఇదే. కాకపోతే ఇక్కడ ఎగువ అంటే కాళ్లు, దిగువ అంటే గుండె అనుకోవాలి. కాళ్ల సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది, గుండెకు రక్తం తగ్గుతుంది.

ఇది లెక్కగట్టి చూసిన సంగతే. అమెరికాలో మెక్‌లెనన్ అనే వైద్యుడు 1943లో గర్భిణుల చేతి సిరలో, తొడ సిరలో ఒత్తిడిని కొలిచి చూశాడు. చేతి సిరలో తొలి నెలలకీ చివరి నెలలకీ తేడా లేదు. తొడ సిరలో మాత్రం, వెల్లకిలా పడుకున్నప్పుడు, తొలి నెలల్లో సుమారు 8 మిల్లీమీటర్ల పాదరసం ఉన్న ఒత్తిడి నెలలు నిండేసరికి 24కు పెరిగింది. మూడు రెట్లు! బిడ్డ పుట్టగానే అది దిగిపోతుంది. అందుకే గర్భిణికి చేతులు మామూలుగా ఉండి కాళ్లు పొంగుతాయి. (అందుకే చేతులూ ముఖమూ కూడా పొంగితే అనుమానించాలి. ఆ సంగతి తర్వాత.)

సిరలో ఒత్తిడి పెరిగితే అందులోని నీరు సన్నని నాళాల గోడల్లోంచి చర్మం కిందికి ఊరుతుంది. రక్తం పల్చబడి అందులోని ప్రొటీను కూడా తగ్గి ఉంటుంది కనుక, ఊరిన నీటిని తిరిగి లోపలికి లాక్కునే బలమూ తక్కువే. రెంటచింతల ఎండ దీనికి తోడు. వేడికి సిరలు ఇంకా వదులవుతాయి. అదే మనిషికి అదే నెలలో చలికాలంలో కంటే వేసవిలో వాపు ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే.

పిక్కల మీద నీలం తాళ్లలా సిరలు ఉబ్బడం, మొలలు రావడం కూడా ఈ ఒత్తిడి పుణ్యమే. కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతాయి. మొలలు వచ్చినప్పుడు ఆకుకూరలు, పండ్లు, నీళ్లు పెంచి, పల్నాటి కారం కొద్దిగా తగ్గించుకుంటే ఆ మనిషికే సుఖం.

పడుకుంటే కళ్లు తిరుగుతాయి

కళ్లు తిరిగితే పడుకోబెట్టడం మన ఇళ్లలో మొదటి వైద్యం. నిండు గర్భిణికి ఒక్కోసారి పడుకుంటేనే కళ్లు తిరుగుతాయి!

వెల్లకిలా పడుకున్న కొద్ది నిమిషాలకే ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, వికారం, గుండెదడ. బీపీ చూస్తే పడిపోయి ఉంటుంది. పక్కకు తిప్పగానే ఎవరో మంత్రం వేసినట్టు తేరుకుంటుంది. ఈ లక్షణాలన్నిటినీ కలిపి హోవర్డ్, గుడ్‌సన్, మెంగర్ట్ అనే ముగ్గురు అమెరికా వైద్యులు 1953లో వివరించారు. దిగువ మహాసిర నొక్కుకుపోవడమే కారణమన్నారు. పది మందిలో ఒకరికి ఇలా స్పష్టంగా కనిపిస్తుంది. మరి మిగతా తొమ్మిది మందికి సిర నొక్కుకుపోదా? నొక్కుకుపోతుంది. వాళ్లకు పిల్లకాలువలు బాగున్నాయంతే. స్కాట్లండులో కెర్ బృందం 1964లో సిరలోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీసి చూస్తే, వెల్లకిలా ఉన్న నిండు గర్భిణుల్లో ఆ సిర దాదాపు మూసుకుపోయి కనిపించింది. రక్తం వెన్నెముక చుట్టూ ఉన్న సిరల మీదుగా, ఛాతీ వెనక ఉండే మరో సిర మీదుగా చుట్టూ తిరిగి గుండెకు చేరుతోంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఈమధ్య ఎమ్మారై స్కాన్‌తో చూసినప్పుడు లెక్కలు ఇంకా స్పష్టంగా తేలాయి. పక్కకు తిరిగి పడుకున్నప్పటితో పోలిస్తే వెల్లకిలా ఉన్నప్పుడు మహాసిర మొదట్లో రక్త ప్రవాహం దాదాపు 85 శాతం పడిపోయింది. గుండె నుంచి వెళ్లే రక్తం 16 శాతం తగ్గింది. వాళ్లంతా ఏ ఇబ్బందీ లేదన్న ఆరోగ్యవంతులే!

తల్లికి తెలియకపోయినా లోపల బిడ్డకు తెలుస్తుంది. తల్లి వెల్లకిలా పడుకున్నప్పుడు బిడ్డ కదలికలు తగ్గి, ఆక్సిజన్ ఆదా చేసుకుంటున్నట్టు నెమ్మదిస్తుందని 2017లో ఆక్లండ్ పరిశోధకులే చూపించారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆ కాసేపు ఓర్చుకుంటుంది. ఎదుగుదల తగ్గిన బిడ్డకు, తల్లి రక్తహీనతతో ఉన్న బిడ్డకు ఆ ఓపిక ఉండాలి కదా!

అసలు భయం ఇక్కడే. 28 వారాలు దాటాక కడుపులోనే బిడ్డ చనిపోయిన కేసులను, బతికిన కేసులతో పోల్చుతూ వివిధ దేశాల్లో జరిగిన అయిదు అధ్యయనాల వివరాలను ఒకచోట చేర్చి 2019లో విశ్లేషించారు. రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రకు ఉపక్రమించేవారిలో ఈ ముప్పు పక్కకు తిరిగి పడుకునేవారికంటే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అలాగని బెంబేలెత్తక్కర్లేదు. వెల్లకిలా పడుకున్న ప్రతి తల్లికీ ఇలా జరగదు. చాలా అరుదైన ప్రమాదమే కాస్త పెరుగుతుంది. కానీ పైసా ఖర్చు లేకుండా తగ్గించుకోగల ప్రమాదం అది. గర్భం విషయంలో అలాంటివి ఎన్నుంటాయి?

ఎడమా, కుడా?

మహాసిర కుడిపక్కన ఉంటుంది కనుక ఎడమ వైపు తిరిగితే గర్భసంచి దాని మీంచి తప్పుకుంటుంది. డాక్టర్లు ‘ఎడమ వైపు పడుకోమ్మా’ అనేది అందుకే. అయితే ఆ 2019 విశ్లేషణలో కుడి వైపు పడుకున్నవారికి అదనపు ముప్పేమీ కనిపించలేదు. రాత్రంతా ఎడమ పక్కే పడుకోవాలని బిగుసుకుని, చెయ్యి తిమ్మిరెక్కి, నిద్రలేక ఏడ్చే అమ్మాయిలకు ఇది మంచి కబురు. ఏ పక్కకైనా తిరగొచ్చు. వద్దన్నది వెల్లకిలా మాత్రమే.

నిద్రలో దొర్లి వెల్లకిలా అయిపోతే? ఏం ఫర్వాలేదు. మెలకువ వచ్చినప్పుడు మళ్లీ పక్కకు తిరిగితే సరి. లెక్కకొచ్చేది నిద్రపోయేముందు పడుకునే తీరు. ఎక్కువసేపు ఉండేది ఆ భంగిమలోనే కనుక. పగటి కునుక్కూ ఇదే సూత్రం. నులక మంచం మధ్యలో కుంగి ఉంటే పక్కకు తిరగడమే కష్టం. నులక బిగించాలి, లేదంటే కింద చాప, బొంత మేలు. వీపు వెనక ఓ దిండు పెట్టుకుంటే వెల్లకిలా దొర్లకుండా ఆపుతుంది. మోకాళ్ల మధ్య మరొకటి ఉంటే నడుముకు హాయి.

ఆసుపత్రిలోనూ ఇది వర్తిస్తుంది. మన రాష్ట్రంలో పది కాన్పుల్లో నాలుగు సిజేరియన్లేనని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆపరేషన్ బల్ల మీద వెన్నులో మత్తుసూది ఇవ్వగానే కాళ్ల రక్తనాళాలు ఇంకా వదులై బీపీ గభాలున పడిపోతుంది. అందుకే కుడి తుంటి కింద చిన్న మెత్త పెట్టి, లేదా బల్లనే ఎడమకు వాల్చి పడుకోబెడతారు. 15 డిగ్రీల వాలు చాలనుకునేవారు. జపాన్ వైద్యులు 2015లో ఎమ్మారైతో పరీక్షిస్తే 15 డిగ్రీలకు సిర తెరుచుకోలేదు. 30 డిగ్రీలకు తెరుచుకుంది.

వెల్దుర్తి నుంచో, బొల్లాపల్లి నుంచో నొప్పులతో బయల్దేరిన మనిషి మాచర్లకో, నరసరావుపేటకో, అక్కడా కుదరదంటే గుంటూరు పెద్దాసుపత్రికో చేరాలి. చిన్న ప్రయాణం కాదు. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక ఎడ్లబండి మీద, ట్రాక్టరు మీద తీసుకుపోయే బాధ తప్పింది. అంబులెన్సయినా, ఆటో అయినా పక్కనున్న తల్లో, ఆడబిడ్డో చూడాల్సింది ఒక్కటే... ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టారా, లేదా అని.

పిక్కలే రెండో గుండె

కాళ్లలోంచి రక్తాన్ని పైకి నెట్టే పంపు గుండె కాదు, పిక్కలు. నడిచినప్పుడు పిక్క కండరం బిగుసుకుని లోపలి సిరను పిండుతుంది. సిరలో ఉన్న కవాటాలు రక్తాన్ని కిందికి జారనివ్వవు. కదలకుండా నిలబడితే ఎవరికైనా చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నాలుగడుగులు వేయగానే 30కి, అంతకంటే కిందికీ దిగుతుంది. గర్భిణికి ఇంతకు మించిన మందు లేదు.

కనుక కల్లంలో కూర్చునే మనిషి అరగంటకోసారి లేచి అటూ ఇటూ తిరగాలి. మేస్త్రి గొణిగితే గొణగనివ్వాలి. గొంతుక్కూర్చుని పనిచేయడం కంటే ఎత్తుపీట మేలు. బస్సులో మాచర్ల నుంచి గుంటూరు పోయేటప్పుడు కూర్చున్నచోటే పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి క్యూలో గంటలకొద్దీ నిలబడతామంటే మాత్రం... కోటయ్య వచ్చే ఏడూ అక్కడే ఉంటాడు. ఇంట్లో కాళ్ల కింద దిండు పెట్టి పక్కకు తిరిగి పడుకోవాలి. ఉబ్బు సిరలుంటే డాక్టరును అడిగి బిగుతు మేజోళ్లు పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి. మేజోళ్లు పల్నాటి వేసవిలో ఎంతమంది ఓర్చుకుంటారన్నది వేరే ప్రశ్న. నీళ్లు తగ్గించడం వల్ల వాపు తగ్గదు. మందుల షాపులో అడిగి నీరు పోయే మాత్రలు వేసుకోవడం ప్రమాదం.

ఇవి మామూలు వాపులు కావు

పొద్దున లేచేసరికి తగ్గి, సాయంత్రానికి పెరిగే వాపు, రెండు కాళ్లకూ సమానంగా ఉంటే చాలావరకు భయం లేదు.

ఒక కాలే పొంగి, పిక్క నొప్పి పుట్టి, వేడిగా, ఎర్రగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతి ముందుజాగ్రత్తగా గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణం పెంచుతుంది. ఆ జాగ్రత్తే ఒక్కోసారి బెడిసికొడుతుంది. గర్భిణుల్లో ఇలాంటి గడ్డలు పదిలో ఎనిమిదికి పైగా ఎడమ కాల్లోనే వస్తాయి. పొత్తికడుపులో ఎడమ కాలి సిర మీదుగా కుడి కాలి ధమని దాటుతుంది. అక్కడ ముందే ఇరుకు, పైగా గర్భసంచి బరువు. ఇలాంటి కాలికి నూనె రాసి మర్దన చేయడం పెద్దవాళ్లు ప్రేమతో చేసే పనే అయినా, అస్సలు చేయకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

ముఖం, చేతులు ఉన్నట్టుండి పొంగి, ఉంగరం బిగిసిపోయి, తలనొప్పి, కళ్లు మసకలు, రొమ్ముల కింద పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే అది గుర్రపువాతం ముందు వచ్చే సూచన. తెల్లారేదాకా ఆగకూడదు. బీపీ, మూత్రంలో ప్రొటీను వెంటనే చూపించాలి. వాపుతోపాటు పడుకుంటే ఆయాసం, రాత్రిళ్లు ఊపిరాడక లేచి కూర్చోవడం ఉంటే గుండె కవాటం పరీక్ష చేయించాలి. చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి కవాటం ఇరుకైన అమ్మాయిలకు పెళ్లయి, కడుపు పండేదాకా ఆ సంగతే తెలియకపోవచ్చు. రక్తం సగంపాళ్లు పెరిగిన ఎనిమిదో నెలలో బయటపడుతుంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. ఆ రోజు పని మానుకునైనా వెళ్లాల్సింది ఇలాంటివి ముందే పట్టుకోవడానికే.

బాలింతకు నీళ్లు పోయండి

బిడ్డ బయటికి రాగానే మహాసిర మీద బరువు తొలగిపోతుంది. ముడుచుకున్న గర్భసంచి తనలోని రక్తాన్ని కూడా పిండి పంపుతుంది. కాళ్లలో ఆగిన రక్తమంతా ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. కాన్పుకు ముందుకంటే గుండె పని 60 శాతానికి పైగా పెరిగే ఘడియ అదే. కవాటం జబ్బున్న తల్లికి కాన్పయిన మొదటి రోజు మరీ జాగ్రత్త అవసరమయ్యేది ఇందుకే. మామూలు ఆరోగ్యవంతురాలు ఆ అదనపు నీటిని వారం రోజుల్లో మూత్రం, చెమట రూపంలో వదిలేస్తుంది. కాళ్లు సన్నబడతాయి.

గడ్డకట్టే గుణం మాత్రం అంత త్వరగా పోదు. నిజానికి గర్భంతో ఉన్న నెలలకంటే కాన్పు తర్వాతి ఆరు వారాల్లోనే ఆ ముప్పు ఎక్కువ. సిజేరియన్ అయితే మరీ. సరిగ్గా అప్పుడే మన ఇళ్లలో బాలింతను తలుపులు మూసిన గదిలో మంచానికి అంటిపెట్టి, నీళ్లు తాగితే పొట్ట వస్తుందనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ గ్లాసు లెక్కన కొలిచి ఇస్తారు. ఎండాకాలపు పల్నాట్లో! బాలింతల మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడాన్ని 1980ల్లోనే దక్షిణాది నరాల వైద్యులు ఎక్కువగా గమనించారు. ఒంట్లో నీరు తగ్గడం అందుకు దోహదం చేసే కారణాల్లో ఒకటి. కాన్పయిన రెండు, మూడు వారాల్లో తగ్గని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే ‘గాలి సోకింది’ అని తాయెత్తు కోసం వెళ్లకూడదు. స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాలిచ్చే తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్లివ్వాలి. సిజేరియన్ అయినా డాక్టరు లేవమన్న పూటే లేపి, చెయ్యి పట్టుకుని వరండాలో నాలుగడుగులు నడిపించాలి.